వంద కుట్లకు మూడు తప్పులు

సాల్కి కుట్టిన గుడ్డలో ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఆమె మీద వచ్చిన నేరారోపణ అదే.

ఉత్తరం మంగళవారం పొద్దున వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. రాళ్ళగుట్ట తండాలో అప్పటిదాకా రిజిస్టర్డ్ పోస్టు అందుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకాయన భూమి పోయింది, ఇంకొకాయన ఉద్యోగం పోయింది. అందుకే పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి "సూది ఆఫీసు నుంచి" అనగానే కుట్టు షెడ్డులో పన్నెండు సూదులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

షెడ్డంటే పెద్దదేం కాదు. రేకుల కప్పు, నాలుగు కిటికీలు, నీలం సున్నం కొట్టిన గోడలు. బానోతు సాల్కికి ప్రభుత్వం వారి చేతిపని కార్డు ఉంది కాబట్టి, ఆ కార్డు నంబరు మీద ఎనిమిదేళ్ళ కింద కట్టించారు. తండా ఇళ్ళల్లో సూదిలోకి దారం ఎక్కించేంత వెలుతురు ఉండదు. ఇక్కడ ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు ఆ నాలుగు కిటికీల దగ్గర కూర్చుని గుడ్డల మీద అద్దాలు కుడతారు. కార్డు పోతే షెడ్డు పోతుంది. షెడ్డు పోతే అందరూ మళ్ళీ ఇటుక బట్టీలకే.

సాల్కి కూతురు రోజా కవరు చింపి గట్టిగా చదివింది.

"తమరు సమర్పించిన నమూనా వస్త్రము నంబరు 212ను సూక్ష్మముగా పరిశీలించగా అందులో మానవ లోపములు శూన్యమని తేలినది. మానవ లోప సూచిక ప్రకారము ప్రతి వంద కుట్లకు కనీసము మూడు లోపములు ఉండవలెను. కావున సదరు వస్త్రము యంత్రముతో తయారైనదిగా భావించి, తమరి కార్డును రద్దు పరచి, షెడ్డును స్వాధీనపరచుకొనుటకు ప్రతిపాదించడమైనది. అరవై రోజులలోగా తమరు మనిషి అని రుజువు చేసుకొనవలెను."

సాల్కి కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుంది. "ఏమంటున్నరే వాళ్ళు?"

"నువ్వు మిషినువంట యాడీ."

తండా భాషలో యాడీ అంటే అమ్మ. యాడీ పగలబడి నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళూ నవ్వారు. కూతురు నవ్వకపోవడం చూశాక ఒక్కొక్కరే ఆపేశారు.

అసలు కథ మూడేళ్ళ కింద మొదలైంది. మొదట్లో అందులో న్యాయం కూడా ఉంది. పట్నంలో దుకాణాల వాళ్ళు కంప్యూటర్ మిషను మీద గంటకు వంద గుడ్డలు కుట్టించి, లంబాడీ చేతిపని అని చీటీ అతికించి అమ్ముతున్నారు. ఎవరో ఫిర్యాదు చేశారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. కోపం వచ్చిన ప్రభుత్వం చేసేపనే చేసింది: ఒక సంస్థ పెట్టింది. రాష్ట్ర సూచీకళా ప్రామాణీకరణ సంస్థ. అంత పేరు పలికే ఓపిక లేక జనం దాన్ని సూది ఆఫీసు అన్నారు.

దానికి డైరెక్టరుగా డాక్టర్ పరంజ్యోతి వచ్చాడు. ఆయన ఏనాడూ చొక్కా గుండీ కుట్టుకున్నవాడు కాదు. అందువల్ల ఆయనకు పక్షపాతం ఉండదని ప్రభుత్వం భావించింది. ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో ఒక పాత గుడ్డ ఉండేది. ఏదో తండాలో, ఎన్నో ఏళ్ళ కింద ఎద్దు వీపు మీద కప్పడానికి కుట్టింది. పరంజ్యోతి ఆరు నెలలు దాన్ని భూతద్దంతో చూశాడు. ఎరుపు, పసుపు కుట్ల మధ్య అక్కడక్కడా రంగు తప్పిన కుట్లు కనిపించాయి. నల్లవి. లెక్కపెడితే ఏడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం చేయలేదట.

యంత్రం తప్పు చేయదు. మనిషి చేస్తాడు. కాబట్టి తప్పు ఉన్నచోట మనిషి ఉన్నట్టు, తప్పు లేనిచోట మనిషి లేనట్టు. ఈ మూడు వాక్యాలు నూట ఎనభై పేజీల నివేదిక అయ్యాయి. ఏడు కుట్లు వందకు మూడుగా ఎలా మారాయో అందులో ఏ పేజీలోనూ లేదు. నివేదిక నిబంధన అయింది. నిబంధన కూడళ్ళలో పెద్ద పెద్ద బోర్డులై వెలిసింది: "పొరపాటు మన వారసత్వం!" పట్నంలో పెళ్ళిళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని చూసుకోసాగారు. "నీ జాకెట్టుకు ఎన్ని? నాలుగేనా? నాది పదకొండు. స్పెషల్‌గా చెప్పి చేయించాను."

*

మూడోరోజు సాల్కి, రోజా సూది ఆఫీసుకు వెళ్ళారు. లోప పరిశీలకుడు భిక్షపతి కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. ఎదురుగా 212వ నంబరు గుడ్డ.

"నేను కుట్టిందే సారు అది. నాలుగు నెలలు కుట్టిన," అంది సాల్కి.

"నాకెందుకు తెల్వదమ్మా?" భిక్షపతి గొంతు తగ్గించాడు. "మా నాయనమ్మ గిట్లనే కుట్టేది. చూస్తనే చెప్తా, ఇది చేతిపని. కానీ నేను చూస్తే నడవదు. భూతద్దం చూడాలె. మూడు పూటలు చూసిన. ఒక్కటన్న దొరుకుతదా అని మస్తు ఆశపడ్డ. ఏం మనిషివమ్మా నువ్వు? ఒక్కటి పెట్టలేకపోయినవా?"

"ఇప్పుడు మీ ముంగట్నే కుట్టి చూపిస్త. గుడ్డ ఇయ్యున్రి."

"అది గూడ అడిగినమమ్మా పైన. నువ్వు మా ముందల కుడితే, నీకు కుట్టు వస్తదని రుజువైతది. ఆ గుడ్డ నువ్వు కుట్టినవని కాదు. గంతే."

రోజా ముందుకు వంగింది. "మరి మిషిన్లు గూడ తప్పులు చేస్తయి గద సారు? దారం తెగుతది, సూది ఇరుగుతది."

భిక్షపతి ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "నెమ్మదిగా బిడ్డా. గా మాట ఇక్కడ అనొద్దు."

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని పరంజ్యోతి బయటికి వచ్చాడు. వెనకాల ఇద్దరు ఫైళ్ళ వాళ్ళు. సాల్కి లేచి దండం పెట్టింది. ఆయన ఆమె ఎర్ర లంగానీ, చేతుల నిండా తెల్లగాజుల్నీ, రవిక మీది అద్దాల్నీ మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూశాడు.

"ఈమేనా శూన్య లోపం కేసు?" అని, జవాబు కోసం ఆగకుండా అందుకున్నాడు. "చూడమ్మా. ఎముక సూదితో తోళ్ళు కుట్టుకున్న ఆదిమానవుడి నుంచి మొదలుపెట్టు. రాజుగారి అంగీ మీద బంగారు తీగ. పట్టపుటేనుగు మీద పట్టుగుడ్డ. గుడారం, జెండా, పెళ్ళికూతురి ముసుగు, పసిపిల్లాడి టోపీ. ఎన్ని వేల ఏళ్ళు! ఎన్ని దేశాలు! వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఏమిటి?"

"సూది సారు," అంది సాల్కి.

"పొరపాటు!" అన్నాడు పరంజ్యోతి. ఫైళ్ళ వాళ్ళిద్దరూ తలలు ఊపారు. "మానవుడు గుడ్డ మీద పెట్టిన సంతకం పొరపాటు. నువ్వు సంతకం చేయలేదు. అయినా ప్రభుత్వం కఠినమైనది కాదు. నీలాంటి వారి కోసమే లోప నైపుణ్య శిక్షణ ప్రవేశపెట్టాం. ఐదు రోజులు. మధ్యాహ్న భోజన వసతి కలదు. నేర్చుకో. మనిషివి కా."

*

శిక్షణ ఇచ్చే అమ్మాయి పేరు తన్మయి. డిజైను కాలేజీలో చదివి వచ్చింది. మంచి పిల్లే. ముప్పై మందిని చాపల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, తాము జీవితంలో చేసిన తప్పుల్ని గుర్తు తెచ్చుకోమంది. ముప్పై మందిలో ఇరవై మంది తమ పెళ్ళి గుర్తు తెచ్చుకున్నారు.

"ఇప్పుడు ఆ ఫీలింగ్‌ని సూదిలోకి తీసుకురండి," అంది.

సాల్కికి అక్కడే చిక్కు వచ్చింది. ఆమె సూది పట్టింది ఆరో ఏట. మొదట కుట్టింది బిందె కింద తలమీద పెట్టుకునే చుట్ట. తర్వాత ఆకూవక్కల సంచి. ఆ తర్వాత తన పెళ్ళి బట్టలు, నాలుగేళ్ళు. ఒక్క అద్దం చుట్టూ ఒక్క కుట్టు వంకరపోతే తల్లి ఏమీ అనేది కాదు. గుడ్డ తీసుకుని, మొత్తం వరస విప్పేసి, మళ్ళీ ఇచ్చేది. సాల్కి వేళ్ళు కుట్టడం కంటే ముందు విప్పడం నేర్చుకున్నాయి. యాభై నాలుగేళ్ళుగా అవి ఆమెను అడిగి ఏ పనీ చేయడం లేదు.

ఆమె పళ్ళు బిగించి ఒక కుట్టు వంకరగా వేసింది. పక్కామెతో కోడిగుడ్ల సంగతి రెండు మాటలు మాట్లాడి తిరిగి చూసేసరికి అది తిన్నగా ఉంది. ఎప్పుడు విప్పిందో, ఎప్పుడు మళ్ళీ వేసిందో ఆమెకే తెలియదు. రెండోసారి అంతే. మూడోసారి కుడిచెయ్యి కుట్టాక ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, ఫ్రీగా వదిలేయండి. చేతిని మరీ అంత నమ్మకండి," అంది తన్మయి బుజ్జగిస్తూ.

"నేను నమ్ముతలేను బిడ్డా. అదే నన్ను నమ్ముతలేదు."

నాలుగోరోజుకు ఉపాయం తట్టింది. ప్రతి ముప్పై మూడు కుట్లకు ఒక ముడి వేసి, చెయ్యి విప్పేలోగా గుడ్డ మడిచి కింద పెట్టి కూర్చుంది. వందకు మూడు. లెక్క సరిపోయింది. భిక్షపతి భూతద్దంతో చూసి సంతోషంగా పైకి పంపాడు. పైనుంచి గంటలో తిరిగివచ్చింది, ఎర్రసిరాతో: "లోపములు సమాన దూరములో ఉన్నవి. ఉద్దేశపూర్వకముగా చేసినట్లు స్పష్టము. నిబంధన 14: తెలిసి చేసిన లోపము లోపము కాదు."

"అంటే తెల్వక చెయ్యాలె," భిక్షపతి వివరించాడు. "దానికొక ఫారం ఉంది. నింపు."

ఫారం రోజా చదివింది. "తెలియక చేయబోవు తప్పు: ఏ తేదీన? ఎన్ని గంటలకు? ఏ అద్దము పక్కన? ఇద్దరు సాక్షుల సంతకములు." చదివి, మడిచి, భిక్షపతి జేబులో పెట్టింది. "నీ దగ్గర్నే ఉంచుకో సారు. నీకు పనికొస్తది."

ఐదోరోజు ఫలితాలు చెప్పారు. సాల్కి తప్పింది. మొదటి బహుమతి ఆఫీసు వాచ్‌మన్‌కు వచ్చింది. ఖాళీగా ఉన్నాడని కూర్చోబెడితే, అతను వంద కుట్లలో తొంభై ఒక్క తప్పులు చేశాడు. రెండు చోట్ల గుడ్డను తన ప్యాంటుకే కలిపి కుట్టుకున్నాడు. "ఇంతటి మానవత్వం నేను ఎన్నడూ చూడలేదు," అని పరంజ్యోతి అతనికి దండవేశాడు. మరుసటి సోమవారం నుంచి వాచ్‌మన్ శిక్షణ తరగతికి గౌరవ ఆచార్యుడు. గేటు దగ్గర ఎవరూ లేరు.

గేటు దగ్గర ఎవరూ లేని ఆ రోజే దామోదర్ కారు లోపలికి వచ్చింది.

దామోదర్‌కు పట్నంలో కంప్యూటర్ కుట్టు మిషన్లు ఉన్నాయి. ఎవరి మీద ఫిర్యాదు వస్తే సూది ఆఫీసు పెట్టారో ఆ మనిషే. అతను ఏడవలేదు, దరఖాస్తులు పెట్టలేదు. కంప్యూటర్ కుర్రాణ్ణి పిలిచి చిన్న మార్పు చేయించాడు. వంద కుట్లకు మూడు తప్పులు, దూరాలు మాత్రం ఎప్పటికప్పుడు మారిపోతూ. భిక్షపతి ఆరువందల గుడ్డలు పరిశీలించాడు. ప్రతి గుడ్డలో, ప్రతి వందకు, కచ్చితంగా మూడు. రెండు కాదు, నాలుగు కాదు.

పరంజ్యోతి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆరువందల వస్త్రాల్లో ఒక్కసారి కూడా మానవత్వం నుంచి పక్కకు తొలగలేదు! ఎవరయ్యా ఈ కళాకారుడు?"

దామోదర్ నిజాయితీపరుడు. "మిషను సార్" అన్నాడు.

వెంటనే నిబంధనల పుస్తకం తెప్పించారు. లోప సూచిక దాటిన వారికి కార్డు ఇవ్వవలెనని ఉంది. వారు మనిషై ఉండవలెనని ఎక్కడా లేదు. ఆ సంగతి సూచికే తేలుస్తుందని రాసి ఉంది. సూచిక తేల్చింది. మిషనుకు చేతిపని కార్డు మంజూరైంది. కార్డు మీద ఫొటో ఉండాలి కాబట్టి మిషనును పాస్‌పోర్టు సైజులో ఫొటో తీయించారు. చెవులు రెండూ కనపడవలెనన్న షరతును ప్రత్యేక ఉత్తర్వుతో సడలించారు.

*

యాభై ఎనిమిదో రోజు సాల్కికి చివరి విచారణ. ఇంకో రెండురోజుల్లో షెడ్డుకు తాళం వేయడానికి మండలం నుంచి మనిషి రావాలి. ఆ షెడ్డును కార్డుదారు అయిన మిషనుకు కేటాయించాలని అప్పటికే ఫైలు నడుస్తోంది.

విచారణ హాల్లో పెట్టారు. బల్ల వెనకాల పరంజ్యోతి, పక్కన వాంగ్మూలం రాసుకోవడానికి భిక్షపతి. వాళ్ళ వెనకాల అద్దాల పెట్టె. సాల్కి ఇదివరకు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా పక్క గదిలోనే కూర్చుంది. హాల్లోకి రావడం అదే మొదలు.

"చివరిగా చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?" అన్నాడు పరంజ్యోతి.

సాల్కి వినడం లేదు. లేచి బల్లను చుట్టి అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది. పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"ముట్టుకోరాదు! మూల నమూనా అది!"

"ఇది మా ఎద్దుది," అంది సాల్కి.

"రాళ్ళగుట్టల మా నాయిన ఎద్దుది సారు. ఉప్పు తెచ్చే బండికి కట్టేది. గిదిగో, గీ మూలకు అద్దం సగం ఇరిగింది. ఎద్దు తుమ్మచెట్టుకు రాసుకున్నది. ఎద్దులు అమ్మినంక ఎవలో పట్నమాయన వచ్చి అడిగితె మా నాయిన ఇచ్చిండు. మా యాడి మూడు దినాలు అన్నం తిన్లే." ఆమె వేలు గాజు మీద కదులుతోంది. "ఇది మా యాడి కుట్టు."

పరంజ్యోతి ముఖం వెలిగింది. "అద్భుతం! అయితే ఈ చారిత్రక లోపాలు చేసింది మీ అమ్మగారన్నమాట! ఈ ఏడు పొరపాట్లు!"

సాల్కి వెనక్కి తిరిగింది. యాభై ఎనిమిది రోజులుగా అన్నీ భరించిన మనిషి. మిషనువన్నా నవ్వింది. తల్లిని అనేసరికి ఆ ముఖం మారిపోయింది.

"పొరపాటా? మా యాడి చేతిలనా? సారూ, అవి దిష్టి కుట్లు. మేము ఏడుగురం పిల్లలం. పిల్లకొక్క నల్లకుట్టు. ఎద్దు ఊర్లల్లకెళ్ళి నడుస్తుంటె అందరి కండ్లు ఆ గుడ్డ మీద పడ్తయి. ఎంత బాగుందో అంటరు. ఆ చూపు ఇంటికొచ్చి పిల్లలకు తగలొద్దని నల్లకుట్టు. ఇప్పటికి గూడ పెండ్లి బట్టలకు ఏస్తం. రంగుల నడుమ నలుపు ఎట్ల కుదరాలెనో చూసి, ఏరి, జాగ వెతికి కుడ్తది మా యాడి. ఈ కొసకున్నది, ఏడోది, అది నేను. పొరపాటంట!"

భిక్షపతి కలం టకటకా కదులుతోంది. విన్నది విన్నట్టు రాయడం అతని ఉద్యోగం.

"రాయకు!" అన్నాడు పరంజ్యోతి.

"రాసేసిన సార్."

"కొట్టెయ్!"

"వాంగ్మూలంల కొట్టివేతలు నిషేధం సార్. నిబంధన తొమ్మిది. మీరే పెట్టిన్రు."

పరంజ్యోతి కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకు పద్నాలుగో నిబంధన కంఠతా వచ్చు. తెలిసి చేసిన లోపం లోపం కాదు. ఏడు కుట్లూ తెలిసి వేసినవి. అంటే మూల నమూనాలో లోపాలు శూన్యం. అంటే...

ఇప్పుడు ఆయన ముందు రెండే దారులు. నిబంధన తప్పని ఒప్పుకోవాలి. లేకపోతే గుడ్డ తప్పని తేల్చాలి. నిబంధన మీద ఆయన సంతకం ఉంది. గుడ్డ మీద లేదు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. మూల నమూనాగా చెలామణి అయిన ఎద్దు గుడ్డ యంత్రంతో తయారైనది.

*

గుడ్డ పెట్టె మీద సంవత్సరం రాసి ఉంది: 1964. రాళ్ళగుట్ట తండాకు కరెంటు వచ్చింది 1987లో. ఈ సంగతి రోజా ఒక కాగితం మీద రాసి ఇచ్చింది, సిగ్గు పడతారేమోనని.

సూది ఆఫీసు సిగ్గు పడలేదు. ఉప్పొంగిపోయింది.

"విద్యుత్తు అవసరం లేని కుట్టు యంత్రం!" అన్నాడు పరంజ్యోతి, పత్రికల వాళ్ళ ముందు. "యంత్రం లేకుండా యంత్ర వస్త్రం ఉండదు. కాబట్టి 1964లో ఆ తండాలో యంత్రం ఉంది. ప్రపంచం ఇంకా కళ్ళు తెరవని రోజుల్లో మన తండాలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ! దాన్ని వెలికితీసే దాకా ఈ సంస్థ నిద్రపోదు."

షెడ్డుకు తాళం వేయడానికి మండలం మనిషి రావలసిన రోజున తవ్వకాల వాళ్ళు వచ్చారు. చుట్టూ తాడు కట్టి, షెడ్డును రక్షిత స్థలంగా ప్రకటించారు. తండా పొడవునా మూడు గుంతలు తవ్వారు. మొదటి గుంతలో పగిలిన తిరగలి దొరికింది. రెండోదానిలో లారీ స్ప్రింగు కట్ట ముక్క. మూడోదానిలో మంచినీళ్ళ పైపు దొరికి, పగిలి, తండాకు నాలుగు రోజులు నీళ్ళు లేవు. తిరగలిని యంత్రపు చక్రంగా గుర్తించి దూదిలో చుట్టి తీసుకెళ్ళారు.

"అది మా అత్తది సారూ! నిరుడే పగిలింది!" అని ఒకామె వెంటపడింది.

"అందరూ అట్లనే అంటరమ్మా," అని తవ్వకాల మేస్త్రీ జీపు ఎక్కాడు.

యంత్రం మాత్రం దొరకలేదు. నెల తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. వాళ్ళ ముందు ఉన్న ఆధారాలు రెండు. ఎద్దు గుడ్డ, 212వ నంబరు గుడ్డ. అదే కుట్టు, అదే బిగువు, రెండింటిలోనూ లోపాలు శూన్యం. రెండూ ఒకే యంత్రం ఉత్పత్తులని నిపుణులు ఏకగ్రీవంగా తేల్చారు. అంటే యంత్రం ఇంకా పనిచేస్తోంది. 212వ గుడ్డ ఎక్కడి నుంచి వచ్చింది? సాల్కి నుంచి. ఆమె దగ్గర ఇంకో యంత్రం ఉందా? తవ్వి చూశాం, లేదు. అయితే మిగిలింది ఏమిటి?

కమిటీ సభ్యులు కాఫీ తాగి సంతకాలు పెట్టారు.

*

భిక్షపతి అల్యూమినియం రేకు పట్టుకుని తండాకు వచ్చాడు. దాని మీద చెక్కి ఉంది: ప్రభుత్వ యంత్రం నం. 1.

"ఏడ కొట్టాలెనో చెప్పమ్మా," అన్నాడు, ముఖం ఎత్తకుండా. "యంత్రం ఒంటి మీద కనపడేటట్టు అని రాసిన్రు. నేను కిటికీకి కొడ్త. ఏం అనుకోకు."

రోజా చీపురు తీసుకుంది. "సిగ్గుందా సారు నీకు? మా యాడిని మిషినని రేకు కొట్టనీకి వస్తవా?"

"నాకుంది బిడ్డా. ఆఫీసుకే లేదు. ముందుగాల ఇది సదువు, తర్వాత కొట్టు."

అది ప్రభుత్వ యంత్రాల సంరక్షణ నియమావళి. రోజా చదువుతూ చదువుతూ చీపురు కింద పెట్టింది. ప్రభుత్వ యంత్రము ఉన్న గది పైకప్పు కురవరాదు. యంత్రమునకు పగటి వెలుతురు తగ్గరాదు. గంటకోసారి యంత్రమును ఆపి చల్లబరచవలెను. ఏటా సర్వీసింగు చేయించవలెను. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాలతో: పై అధికారుల అనుమతి లేనిదే యంత్రమును గాని, దాని విడిభాగములను గాని ఉన్నచోటు నుంచి కదిలించరాదు.

"విడిభాగాలంటే?" అంది సాల్కి.

భిక్షపతి షెడ్డులో కూర్చున్న పదకొండు మందిని వరసగా చూశాడు. జేబులోంచి కలం తీశాడు. "పేర్లు చెప్పున్రి."

రోజా తల్లి వైపు తిరిగింది. "నువ్వు ఒప్పుకుంటున్నవా యాడీ?"

సాల్కి దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. "వాడు మనిషి అంటెనే నేను మనిషినైతనా? షెడ్డు ఉండనీ. రాయించు."

ఎనిమిదేళ్ళుగా కురుస్తున్న రేకు కోసం కళాకారిణిగా సాల్కి పద్నాలుగు దరఖాస్తులు పెట్టింది. యంత్రానికి తొమ్మిది రోజుల్లో కొత్త రేకు వచ్చింది. సర్వీసింగు కింద కళ్ళ డాక్టరు వచ్చి, రిజిస్టర్లో "లెన్సుల మార్పిడి" అని రాసి, కొత్త కళ్ళజోడు ఇచ్చి వెళ్ళాడు. నూనె కోటాగా రెండు డబ్బాలు వచ్చాయి. విడిభాగాలన్నీ వాటిని తలకు రాసుకున్నాయి. ఎద్దు గుడ్డను నకిలీ వస్తువుగా తీసి పారేయమని ఉత్తర్వు వేశారు. భిక్షపతి దాన్ని తన సంచిలో పారేసుకుని, తండాకు వచ్చి, సాల్కి ఒళ్ళో పెట్టాడు. ఆమె ఆ రోజు సూది పట్టలేదు. మూలనున్న ఏడో నల్లకుట్టు మీద బొటనవేలు పెట్టుకుని కూర్చుంది.

దసరా ముందు పట్నం నుంచి ఆర్డరు వచ్చింది. ఆ యేటి ఉత్తమ హస్తకళాకారుడి సన్మానానికి ఒక శాలువా కావాలి. బహుమతి దామోదర్ మిషనుకు వచ్చింది. మంత్రిగారు స్వయంగా దానికి శాలువా కప్పుతారు. కళాకారుడి మీద కప్పే శాలువా నాణ్యంగా, ఒక్క తప్పు కూడా లేకుండా ఉండవలెను. అంత నాణ్యం చేతిపనిలో రాదు కాబట్టి ప్రభుత్వ యంత్రం నంబరు ఒకటితో కుట్టించాలని పరంజ్యోతి సిఫారసు చేశాడు.

మూడు వారాలు పన్నెండు మందీ కలిసి కుట్టారు. కిటికీ వెలుతురు పడితే అద్దాలు షెడ్డు గోడలంతా చుక్కలు చల్లాయి. చివరి కుట్టు అయిపోయాక రోజా శాలువాను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఎంతో సేపు చూసింది.

"ఇంత మంచిగున్నది. నల్లకుట్టు ఎయ్యవా యాడీ? దిష్టి తగుల్తదేమో."

సాల్కి కత్తెరతో దారం కత్తిరించి, సూదిని రవికకు గుచ్చుకుంది.

"దిష్టి తగలాలంటె ముందుగాల ఎవడన్న చూడాలె గదనే," అంది. "ఆడ చూసెటోడు ఎవడున్నడు?"